నాలుగు సెకన్ల దృశ్యం, నలభై నిమిషాల షో

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో బల్ల కింద ఒక కవరు చేతులు మారుతుంది. రహస్య కెమెరాలో అది నాలుగు సెకన్లు. సాయంత్రం స్పెషల్ ప్రోగ్రాంలో అదే ముక్క ముప్పై సార్లు తిరుగుతుంది. ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి స్లోమోషన్‌లో, ఒకసారి చేతి చుట్టూ ఎర్ర వలయంతో, వెనక డప్పుల బీజీఎంతో. చూసేవాళ్ల మనసులో ఆ ఉద్యోగి ముప్పై సార్లు లంచం పుచ్చుకున్నట్టే నిలిచిపోతుంది. వేసిన ఫ్రేముల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా జనానికి చేరిన విషయం జరిగినదానికంటే చాలా పెద్దది.

హైదరాబాద్‌లోని తెలుగు న్యూస్ రూముల్లో ఈ చర్చ మొదలైతే 'రహస్య కెమెరా వాడొచ్చా, కూడదా' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కెమెరా అక్కడ చిన్న విషయం. పని జరిగే వరుస అసలు విషయం. రియాలిటీ షోలో పతాక ఘట్టం ముందే ఖాయమై ఉంటుంది. ఎవరో ఒకరు ఏడవాలి, ఎవరో ఒకరు గొడవపడాలి, ఆ వారం ఎవరో ఒకరు బయటికి వెళ్లాలి. అది వచ్చేదాకా మనుషుల్ని కదిలిస్తూనే ఉంటారు. పరిశోధనలో ముగింపు ఎవరికీ తెలియదు. 'వెతికాం, ఏమీ దొరకలేదు' అన్నది కూడా అక్కడ ఒక ఫలితమే. ప్రోమో తిరగడం మొదలైపోయి, స్లాటు ఖాయమైపోయి, యాంకర్ ఇంట్రో రాసేశాక ఆ ఫలితానికి చోటుండదు. రియాలిటీ పద్ధతుల వల్ల జరిగే నష్టాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. అందుకే ప్రతి స్టింగ్ (రహస్య కెమెరాతో ఎర వేసి పట్టుకునే పని) ప్రతిపాదన మీదా, వార్తల సేకరణ చూసే ఇన్‌పుట్ ఎడిటర్ వేయాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: అవతలి మనిషి 'నాకొద్దు, వెళ్లిపొండి' అంటే ఆ ఫుటేజీని ఏం చేస్తారు?

ఎర ఎవరు వేశారు

1977లో అమెరికాలో షికాగో సన్‌టైమ్స్ పత్రిక మిరాజ్ అనే పేరుతో ఒక బార్ కొని నడిపింది. లంచాల కోసం వచ్చే తనిఖీ అధికారుల్ని చాటు నుంచి ఫొటోలు తీసింది. 1978లో 25 భాగాల కథనం వచ్చింది, నగరం కదిలింది. ఆ మరుసటి ఏడాది, అక్కడ జర్నలిజానికి పెద్ద బహుమతులిచ్చే పులిట్జర్ బోర్డు మాత్రం దానికి బహుమతి ఇవ్వలేదు. మోసం చేసి తెచ్చిన వార్తను గౌరవించాలా అన్నది బోర్డు సభ్యుల అభ్యంతరం. అయినా ఆ పనిలో ఒక మంచి జాగ్రత్త కనిపిస్తుంది. బార్ నడిపినవాళ్లు డబ్బు చూపించి ఎవర్నీ పిలవలేదు, తలుపు మాత్రమే తెరిచి పెట్టారు.

మన దేశంలో 2001 మార్చిలో బయటికొచ్చిన, తెహెల్కా అనే వార్తా వెబ్‌సైట్ చేసిన ఆపరేషన్ వెస్ట్ఎండ్ దీనికి భిన్నం. లేని ఆయుధాల కంపెనీని సృష్టించి, నోట్ల కట్టలు పట్టుకుని గదిగదికీ తిరిగారు. హైదరాబాద్‌కు చెందిన బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు తీసుకుంటూ కెమెరాకు చిక్కి బీజేపీ అధ్యక్ష పదవి వదులుకున్నారు. 2012లో సీబీఐ ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. ఆ కథనం బయటపెట్టింది చిన్న విషయం కాదు. కానీ రక్షణ శాఖ వాళ్ల దగ్గరికి సెక్స్ వర్కర్లను పంపారన్న సంగతి కొన్ని నెలలకు బయటపడగానే చర్చ ఆయుధాల అవినీతి మీంచి తెహెల్కా పద్ధతుల మీదికి మళ్లింది. ఎర ఎంత పెద్దదైతే నిందితుడికి అంత పెద్ద సాకు దొరుకుతుంది. న్యూస్ ఛానళ్ల సొంత నియమావళి ఇప్పుడు స్టింగ్ కోసం సెక్స్‌ను, మత్తు పదార్థాలను, బెదిరింపులను వాడకూడదని నేరుగా చెబుతోంది. 2017లో కేరళలో కొత్తగా మొదలైన మంగళం ఛానల్ అదే గీత దాటింది. మంత్రితో ఫోన్లో మాట్లాడింది సాయం కోరి వచ్చిన గృహిణి అని మొదట చెప్పి, తర్వాత తమ సొంత జర్నలిస్టేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఛానల్ సీఈవో అరెస్టయ్యాడు.

2005 డిసెంబరులో ఎంపీల మీద జరిగిన ఆపరేషన్ దుర్యోధన అనే స్టింగ్ ఎందుకు నిలబడిందో చూస్తే తేడా అర్థమవుతుంది. అక్కడా దొంగ సంఘమే, అక్కడా డబ్బు కట్టలే. కానీ ఎంపీలు డబ్బు తీసుకుని అడుగుతామన్న ప్రశ్నల్లో కొన్ని నిజంగానే పార్లమెంటు రికార్డుల్లో కనిపించాయి. వీడియోను పూర్తిగా పక్కన పెట్టినా కాగితం మిగులుతుంది. 11 మంది ఎంపీలు బహిష్కరణకు గురయ్యారు. హిడెన్ కెమెరా దృశ్యానికి తోడుగా కెమెరాతో సంబంధం లేని సాక్ష్యం కనీసం ఒకటి ఉండి తీరాలన్న నియమానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అది ఫైలు కదలిక కావచ్చు, రశీదు కావచ్చు, మంజూరైన తేదీ కావచ్చు.

ఎర విషయంలో చట్టం ఇప్పుడు ఇంకా బిగుసుకుంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక 8వ సెక్షన్ ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. దర్యాప్తు సంస్థకు ముందే చెప్పి, దానికి సాయంగా ఇచ్చినవాళ్లకు మినహాయింపుంది. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. జర్నలిస్టు అన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. 2010లో ఢిల్లీ హైకోర్టు దుర్యోధన బృందం మీద కేసు కొట్టివేసింది. అవినీతిని బయటపెట్టడం పౌరుల బాధ్యత అని వాళ్ల వైపు నిలిచింది. 2014లో మరో స్టింగ్ మీద వచ్చిన రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు మాత్రం ప్రజాప్రయోజనం అని పేరు పెట్టినంత మాత్రాన నేరం మాసిపోదని తేల్చింది. ఆ రెండు తీర్పులూ పాత చట్టం నాటివి. అందుకని ఈ రోజున ఒక రిపోర్టర్ చేతికి కవరు ఇచ్చి ఆఫీసులోకి పంపే ముందు రెండు దారులే కనిపిస్తాయి. డిమాండ్ మాటల్ని రికార్డు చేసి, డబ్బు ఇవ్వకుండా వెనక్కి రావడం ఒకటి. అసలు బాధితుడు ఏసీబీకి 1064 నంబరులో ఫిర్యాదు చేస్తే, ట్రాప్‌ను వాళ్లకు వదిలేసి, వార్తగా రాయడం రెండోది. ఏసీబీ ట్రాప్‌లో నోట్లకు ఫినాల్ఫ్తలిన్ పొడి పూస్తారు. ఆ నోట్లు పట్టుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. ఇదంతా మధ్యవర్తుల సాక్షి సంతకాలతో జరుగుతుంది. ఛానల్ ఇచ్చే కవరుకు ఇలాంటి వెన్నుదన్ను ఏదీ ఉండదు.

ఎర ఎక్కువైందా లేదా అని తేల్చడానికి పనికొచ్చే లెక్కలు మూడు. డబ్బు మాట ముందు ఎవరి నోటి నుంచి వచ్చింది? మొత్తం ఎన్నిసార్లు వెళ్తే ఆ మాట వచ్చింది? ఆ పనికి అక్కడ మామూలుగా అడిగే మొత్తానికీ చూపించిన మొత్తానికీ తేడా ఎంత? రెండో కలవడంలోనే తనంతట తాను అయిదు వేలు అడిగిన గుమాస్తా వేరు. ఏడోసారి యాభై వేలు బల్ల మీద పెడితే తడబడిన గుమాస్తా వేరు. ఇద్దరూ తప్పు చేసినట్టే కనిపిస్తారు గానీ, రెండో కథలో సగం బాధ్యత రిపోర్టర్‌దే.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని దాదాపు ఎవరూ చెప్పరు. ఎంతమంది దగ్గరికి వెళ్లారు, ఎంతమంది కాదన్నారు? పది ఆఫీసులకు వెళ్తే రెండు చోట్ల డబ్బు అడిగారనుకుందాం. ఆ రెండే వేసి 'ఆఫీసులన్నీ ఇంతే' అనడం అబద్ధం. కాదన్న ఎనిమిది మంది ముఖాలు చూపించనక్కర్లేదు. సంఖ్య చెబితే చాలు. ఆ ఒక్క వాక్యం పెట్టడానికి డెస్కు ఒప్పుకోదు, ఎందుకంటే కథ పలచబడుతుంది. కానీ ఆ ఎనిమిది మందికి ఛానల్ చేస్తున్న అన్యాయం ఆ రెండు చోట్ల దొరికిన అవినీతి కంటే తక్కువేమీ కాదు.

తెలుగు వాక్యం తోక

రియాలిటీ షోల ఎడిటింగ్‌లో వేర్వేరు చోట్ల అన్న ముక్కల్ని కలిపి కొత్త వాక్యం కట్టే పద్ధతి ఉంది. మాట్లాడుతున్న మనిషి ముఖం మీద నుంచి గడియారం మీదికో, కిటికీ మీదికో దృశ్యం మారిన ఆ రెండు సెకన్లలో అతుకు పడుతుంది. ఇంగ్లిష్‌లో ఈ పని చేయాలంటే నాలుగైదు ముక్కలు కావాలి. తెలుగులో ఒక్క కోత చాలు. మన భాషలో కాదనడం, సందేహం, ఎవరో అన్నారన్న సూచన అన్నీ క్రియ చివరే ఉంటాయి కదా.

'పదివేలిస్తే రేపే సంతకం పెడతానని నేనెప్పుడన్నాను?' అని ఒక ఉద్యోగి నిలదీశాడనుకుందాం. 'పెడతా' దగ్గర కత్తిరిస్తే లంచం డిమాండ్ తయారు. 'పై వాళ్లకు వాటా వెళ్తుందట' అన్న మాటలో చివరి 'ట' మీద సంగీతం ఎక్కిస్తే పుకారు కాస్తా ప్రత్యక్ష సాక్ష్యమవుతుంది. ఇలాంటివి కొన్నిసార్లు కావాలని జరగవు. బులెటిన్‌కు పది నిమిషాలుందనగా, బైటు (మాట్లాడిన ముక్క) పన్నెండు సెకన్లకు మించకూడదని, ప్రసారం చూసే అవుట్‌పుట్ విభాగం నుంచి కేక వినిపిస్తే ఎడిటర్ చెయ్యి వాక్యం తోక మీదే పడుతుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ప్రతి రహస్య బైటునూ అంతకుముందు అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టి, చివరి మాట తర్వాత రెండు సెకన్ల నిశ్శబ్దం వదిలి కత్తిరించాలి. మధ్యలో ఏదైనా తీసేస్తే తెల్లటి ఫ్లాష్ వేసి ప్రేక్షకుడికి తెలియనివ్వాలి. కింద టైమ్‌కోడ్ నడుస్తూ ఉంటే ఇంకా మంచిది. 4:10 నుంచి 11:32కి దూకిందని చూసేవాళ్లకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో దీనికి తోడు ఉర్దూ, తెలుగు కలిసిన మాటలు. 'దేఖ్‌లేంగే' అన్నది హామీ కావచ్చు, మాట దాటేయడం కావచ్చు. 'చూద్దాంలే' కూడా అంతే. 'చాయ్‌పానీ' అన్నచోట సబ్‌టైటిల్‌లో 'లంచం' అని వేస్తే ఆ ఆరోపణ చేస్తున్నది ఛానలే, మాట్లాడినవాడు కాదు. చాలాసార్లు ఆ అర్థం సరైనదే కావచ్చు. అయినా అన్న మాటను అన్నట్టే రాసి, అర్థం చెప్పే పని వాయిస్ ఓవర్‌కు వదిలేయాలి. అనువాదం చేసినవాళ్లు కాకుండా పాతబస్తీ మాట తెలిసిన రెండో మనిషి ఒకరు సబ్‌టైటిల్ సరిచూడకుండా ప్రసారానికి వెళ్లకూడదు.

నటింపజేసిన దృశ్యాల సంగతి త్వరగా తేలిపోతుంది. మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా 'చిత్రీకరణ' అన్న అక్షరాలు కనిపిస్తూ ఉండాలి, అసలు ఫుటేజీతో కలవకూడదు, అంతే. 1992లో అమెరికాలో ఎన్‌బీసీ డేట్‌లైన్ ఒక ట్రక్కు మంటలంటుకునే గుణాన్ని చూపించడానికి కింద నిప్పు రాజేసే పరికరాలు అమర్చి, ఆ సంగతి చెప్పలేదు. 1993 ఫిబ్రవరిలో ఆ ప్రోగ్రాంలోనే క్షమాపణ చదవాల్సి వచ్చింది, న్యూస్ విభాగం అధ్యక్షుడు రాజీనామా చేశాడు. 2018లో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయినప్పుడు ఒక తెలుగు రిపోర్టర్ బాత్‌టబ్‌లో పడుకుని చూపించడం అందరూ చూశారు. అందులో కొత్తగా తెలిసిన సమాచారం ఒక్కటీ లేదు. కుటుంబం దుఃఖం మాత్రం షోలో వాడే ఒక సామాను అయిపోయింది.

రైడ్ వెనక కెమెరా

నగరంలో బాగా అలవాటైన రియాలిటీ పద్ధతి స్టింగ్ కూడా కాదు, అధికారుల వెంట పరుగు. జూబ్లీహిల్స్‌లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల దగ్గర అర్ధరాత్రి లైట్లు, మైకులు, ముఖం దాచుకుంటున్న యువతి. చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పదేళ్లపాటు యూట్యూబ్‌లో ముఖం ఉండటం ఆ శిక్షలో లేదు. పెళ్లి సంబంధాల వేళ, ఉద్యోగాల వేళ ఆ వీడియో మళ్లీ మళ్లీ తేలుతుంది. తాగి బండి నడపడం ప్రాణాలు తీసే తప్పు. ఎన్ని కేసులు, ఏ రోడ్డులో, ఏ వేళల్లో, ఎంతమందికి శిక్షపడింది అన్నది వార్త. తూలుతున్న మనిషిని 'ఎంత తాగారు మేడం' అని అడగడం వార్త కాదు.

అమెరికా సుప్రీంకోర్టు 1999లో విల్సన్ వర్సెస్ లేన్ కేసులో ఈ ముడి విప్పింది. పోలీసులు తెల్లవారుజామున ఒక ఇంట్లోకి పత్రికావాళ్లను వెంటబెట్టుకుని వెళ్లారు. వాళ్లు వెతుకుతున్న మనిషి అక్కడ లేడు, లోదుస్తుల్లో ఉన్న తండ్రి, నైట్‌గౌనులో ఉన్న తల్లి ఉన్నారు. వారెంటు పోలీసులకే గానీ కెమెరాకు కాదని కోర్టు చెప్పింది. మన దగ్గర 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించాక ఇక్కడి న్యూస్ రూములూ అదే దారిలో ఆలోచించక తప్పదు. అధికారికి ఉన్న ప్రవేశాధికారం వెనకాల వచ్చిన కెమెరామన్‌కు అంటుకోదు. ఇంటి గుమ్మం, ఆసుపత్రి వార్డు, హాస్టల్ గది దగ్గర ఆగిపోవాలి.

హోటళ్ల తనిఖీలు ఇంకో రకం. 2024 నుంచి హైదరాబాద్‌లో ఫుడ్ సేఫ్టీ బృందాల దాడులు రోజూ వార్తలే. వంటగదిలో బొద్దింక కనిపిస్తే అది కనిపించినట్టే, చూపించవచ్చు. గడువు దాటిన ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, అదీ చూపించవచ్చు. కానీ రంగు మారిన మాంసాన్ని పట్టుకుని 'విషం' అనడానికి రిపోర్టర్ ముక్కు చాలదు. చట్టం ప్రకారం శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది, ఆయన 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే యజమాని అప్పీలు చేసుకోవచ్చు. ఫలితాల్లోనూ నాణ్యత తక్కువ, లేబుల్ తప్పు, ఆరోగ్యానికి ప్రమాదం అని వేర్వేరు తరగతులున్నాయి. దాడి జరిగిన రోజు సాయంత్రం ఆ మూడు తరగతులకూ ఒకే స్క్రోల్: 'కల్తీ బిర్యానీ'. పదిహేను రోజుల తర్వాత నాచారం ల్యాబ్ నుంచి వచ్చే నివేదిక కోసం ఎంతమంది మళ్లీ ఫోన్ చేస్తున్నారు? దాడిని వార్తగా వేసిన డెస్కు ఆ రోజే క్యాలెండర్‌లో పదిహేనో రోజుకు గుర్తు పెట్టుకోవాలి. నివేదిక హోటల్‌కు అనుకూలంగా వస్తే అదే స్లాటులో, అంతే నిడివితో వేయాలి.

ఛానల్, పోలీసు ఒకటైపోతే ఎంత దూరం వెళ్తుందో 2006 నవంబరులో అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని మర్ఫీ చుట్టుపక్కల తేలింది. మైనర్లతో చాటింగ్ చేస్తున్నామనుకునే మగవాళ్లను ఒక ఇంటికి రప్పించి కెమెరా ముందు నిలబెట్టే ఎన్‌బీసీ ప్రోగ్రాం అది. ఎర వేసే సంస్థకు ఛానల్ డబ్బు ఇచ్చేది. అలా చాటింగ్ చేసిన ఒక ప్రభుత్వ న్యాయవాది (అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ) ఆ ఇంటికి రాలేదు. దాంతో పోలీసులు, వాళ్ల వెనక కెమెరాలు ఆయన ఇంటికే వెళ్లాయి. లోపల ఆయన తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. కుటుంబం వేసిన దావా 2008లో రాజీతో ముగిసింది. ఆయన చేసినదాన్ని ఎవరూ సమర్థించరు. కానీ ఎర ఫలించని చోట కథను పూర్తి చేయాలన్న తొందర ఆ గుమ్మం దాకా నడిపించింది.

కేసుకు కూడా నష్టమే. 2022 అక్టోబరులో మొయినాబాద్ ఫాంహౌస్‌లో ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణలపై పోలీసులు రహస్య కెమెరాలు పెట్టారు. కొద్దిరోజులకే ఆ వీడియోలను నాటి ముఖ్యమంత్రి విలేకరుల సమావేశంలో విడుదల చేశారు, ఛానళ్లన్నీ గంటల తరబడి వేశాయి. డిసెంబరులో తెలంగాణ హైకోర్టు దర్యాప్తును సీబీఐకి మార్చింది. దర్యాప్తు సామగ్రి అలా బయటికి రావడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి.

కార్డు, బ్లర్, తేదీ

ఇక చేతిపని. బటన్ కెమెరాల బ్యాటరీ గంట, గంటన్నర. బ్యాటరీ పూర్తిగా అయిపోతే చాలా చవక కెమెరాల్లో గడియారం ఫ్యాక్టరీ తేదీకి వెళ్లిపోతుంది. తెర మూలలో ఎప్పటిదో తేదీ కనిపిస్తే డిఫెన్సు లాయరుకు అదొక్కటి చాలు. అందుకే లోపలికి వెళ్లే ముందు ఆ రోజు దినపత్రికనూ ఫోన్‌లోని గడియారాన్నీ పది సెకన్లు షూట్ చేయాలి, బయటికి వచ్చాక కెమెరా ఆపకుండా మళ్లీ చేయాలి. కొన్ని కెమెరాలు ప్రతి అయిదు, పది నిమిషాలకు కొత్త ఫైలు మొదలుపెడతాయి. ఆ సందులో ఒకటి రెండు సెకన్లు పోతాయి, వాటినే 'కత్తిరించారు' అంటారు. రెండో రికార్డర్‌లో విడిగా ఆడియో నడిపిస్తే ఆ మాట నిలబడదు.

కెమెరా మెమరీ కార్డును ఫోన్‌లో పెట్టి వాట్సాప్‌లో డెస్కుకు పంపడం అన్నిటికంటే సాధారణమైన తప్పు. ఫైలు కుదించుకుపోతుంది, ఎప్పుడు ఏ పరికరంలో తీశారన్న సమాచారం పోతుంది. కార్డును రాత రక్షణ ఉన్న (దాని మీద కొత్తగా ఏమీ రాయలేని) రీడర్‌లో పెట్టి కాపీ తీసి, ఫైలు మారలేదని చూపే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ లెక్కించి, సంఖ్యను కాగితం మీద రాసి, అసలు కార్డును కవరులో సీలు వేసి ఇద్దరు సంతకాలు చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఆ హాష్ విలువ కోసం గడి ఉంది. స్టింగ్ ఏ దశలో ఏం జరిగిందో అప్పటికప్పుడు రాసిపెట్టాలని, తీసిన మనిషి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలని ప్రెస్ కౌన్సిల్ నియమాలూ చెబుతున్నాయి. బీబీసీలో రహస్య చిత్రీకరణకు ఒకసారి, ప్రసారానికి మళ్లీ విడిగా అనుమతి కావాలి. చిన్న ఛానల్ కూడా ఈ రెండు సంతకాల పద్ధతి పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. మొదటి సంతకం కోసం ముందుగా దొరికిన ఆధారం చూపాలి, ఊరికే 'వెళ్లి చూద్దాం' అంటే కుదరదు.

2007లో ఢిల్లీలో, విద్యార్థినుల్ని వ్యభిచారంలోకి దింపుతోందంటూ ఒక ఉపాధ్యాయురాలి మీద వేసిన దొంగ స్టింగ్‌కు ఈ రెండు సంతకాలూ అడ్డుపడి ఉండేవి. విద్యార్థినిలా నటించింది జర్నలిజంలో అవకాశం కోసం చూస్తున్న యువతి. ప్రసారమైన వెంటనే గుంపు బడి మీద పడి ఉపాధ్యాయురాలిని కొట్టింది, బట్టలు చించింది. ఆమె ఉద్యోగం పోయింది, అరెస్టు కూడా అయింది. తర్వాత స్టింగ్ బూటకమని తేలి ఛానల్ ఒక నెల మూతపడింది. కాలక్రమం, ముడి ఫుటేజీ చూడకుండా రెండో సంతకం పెట్టడానికి ఏ ఎడిటర్‌కూ చెయ్యి రాకూడదు.

సాక్షిని దాచే చోట జరిగే పొరపాట్లు మరీ బాధాకరం. గొంతు పిచ్ మార్చితే సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ వెనక్కి తేవచ్చు. ఆ మాటల్ని వేరొకరితో చెప్పించడమే క్షేమం. పలచటి మొజాయిక్ వెనక కదిలే ముఖాన్ని తెలిసినవాళ్లు గుర్తుపడతారు, నల్లటి ముసుగే వేయాలి. ముఖం దాచి చేతి మీది పచ్చబొట్టు, గోడ మీది ఫొటో, బండి నంబరు ప్లేటు, కిటికీ అద్దంలో ప్రతిబింబం వదిలేస్తారు. బులెటిన్‌లో బ్లర్ చేసి యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో అసలు ముఖం పెట్టిన సందర్భాలూ ఉన్నాయి, ఎందుకంటే ఆ పని డిజిటల్ డెస్కుది, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. లైంగిక దాడి బాధితుల విషయంలో ఇది నైతికత దాటి నేరమే. బాధితురాలిని గుర్తుపట్టే వివరం ఏదైనా బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లలైతే పోక్సో 23వ సెక్షన్ వర్తిస్తాయి.

ముడి ఫుటేజీ ఎంతకాలం ఉంచాలన్న ప్రశ్నకు చాలా ఆఫీసుల్లో జవాబు '90 రోజులు'. అది ప్రసారమైన కార్యక్రమం రికార్డు ఉంచమని లైసెన్సు అడిగే గడువు. పరువునష్టం మీద క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల వరకు వ్యవధి ఉంది. 91వ రోజున సర్వర్ ఖాళీ చేస్తే, రేపు కోర్టులో ఛానల్‌ను కాపాడే ఫుటేజీ పోతుంది. ఆ ఉద్యోగి నిజంగా 'నేనెప్పుడన్నాను' అని ఉంటే, అతన్ని కాపాడే ఫుటేజీ కూడా దానితోనే పోతుంది. స్టింగ్ ముడి ఫుటేజీ, రాతపూర్వక లాగ్, కాదన్నవాళ్ల లెక్క మూడూ ఒకే పెట్టెలో కనీసం మూడేళ్లు, కేసు నడుస్తుంటే అది తేలేదాకా ఉండాలి. కేసు కొట్టేసిన రోజున యూట్యూబ్‌లోని పాత వీడియో శీర్షిక మార్చి, మొదటి పది సెకన్లలో తీర్పు కార్డు పెట్టే బాధ్యత ఎవరిదో పేరు రాసి ఆ పెట్టె మీదే అంటించాలి.